బాపు లింఫోమా రిపోర్టుల "హెపటైటిస్ బి కోర్ పాజిటివ్" అని వచ్చింది, జీన్ టెస్టు చేయించాల్నా?

పరకాల మాస్టర్:

అందరికీ నమస్కారం. మాది పరకాల పక్క ఊరు. సర్కారు బడిల లెక్కలు చెప్త. జీవశాస్త్రం నాకు పదో తరగతితోనే ఒడిసింది, తప్పు రాస్తే దిద్దుండ్రి.

మా బాపుకు 63 ఏండ్లు, ఎవుసం. దసరా దాటినంక ఎడమ చంకల నిమ్మకాయంత గడ్డ కనవడ్డది. నొప్పి లేదని ఎవ్వరికీ చెప్పలే. రాత్రిపూట చెమటకు బనీను తడిసి ముద్దయ్యేది. అమ్మ అడిగితే "పత్తి ఏరుడు అయిపోనీ, చూపించుకుంట" అనుకుంట మూడు నెలలు దాటేసిండు. లుంగీ నడుముకు నిలుస్తలేదని అమ్మనే ఒకనాడు ఆటో ఎక్కించి హన్మకొండ తోల్కపోయింది. గడ్డ తీసి పరీక్షకు పంపిన్రు.

రిపోర్టు ఉన్నదున్నట్టు రాస్తున్న: డిఫ్యూజ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా (తెల్ల రక్తకణాలల్ల బీ కణాలకు వచ్చే ఒక క్యాన్సర్ అట). సీడీ20 పాజిటివ్, సీడీ10 నెగెటివ్, బీసీఎల్6 పాజిటివ్, మమ్1 పాజిటివ్, కేఐ-67 80 శాతం. కింద "నాన్-జీసీబీ" అని ఉన్నది.

మొదలు చూపించిన దవాఖానల నెత్తురుల హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి వైరస్ పైపొర ప్రొటీన్) ఒక్కటే చూసిన్రు, నెగెటివ్. "అంతా మంచిగనే ఉన్నది, సోమవారం మొదటి సూది" అన్నరు. మా బామ్మర్ది పోరువెట్టి ఇంకొక మాట తీసుకుందామని హైదరాబాద్ తీస్కపోయిండు. అక్కడి డాక్టరమ్మ కాగితాలు తిరగేసి "కోర్ యాంటీబాడీ ఏది?" అని అడిగింది. చేపిస్తే యాంటీ-హెచ్‌బీసీ టోటల్, అంటే ఆ కోర్ యాంటీబాడీనే, పాజిటివ్. హెచ్‌సీవీ (హెపటైటిస్ సి) నెగెటివ్. ఆర్-చాప్ అనే కీమో 21 రోజులకొకసారి ఆరు సార్లు అన్నది, దానికి ముందే ఎంటెకావిర్ అనే హెపటైటిస్ బి గోలి మొదలువెట్టుమని రాసింది.

అమ్మ యాది చేసి చెప్పింది: నేను పుట్టకముందు బాపుకు కామెర్లయి నెల దినాలు మంచంల ఉన్నడట. అప్పట్ల మా ఊరి ఆర్ఎంపీకి ఒక్కటే గాజు సిరంజి. గిన్నెల నీళ్లు కాగవెట్టి అండ్ల ముంచి, ఊరందరికీ గదే సూది.

ఇప్పుడు నా తిప్పలు మూడు. ఆ పాత కామెర్ల వల్లనే ఈ క్యాన్సర్ వచ్చిందా? ఇంటికొచ్చి నెత్తురు తీసుకపోయే ల్యాబు పిల్లగాడు "జీన్ ఎక్స్‌ప్రెషన్ టెస్టు చేపిస్తే అసలు రకం తెలుస్తది సార్, 50 వేల దాకా అయితది" అంటున్నడు, చేయించాల్నా? మూడోది అన్నిటికంటె కష్టం. "లివర్ మంచిగున్నదని వాళ్లే అంటరు, మళ్ల లివర్‌కు గోలెందుకు" అని బాపు డబ్బా తీసి దూలం సందుల పెట్టిండు. వచ్చే సోమవారమే మొదటి కీమో.

జమ్మికుంట పత్తి:

అన్నా, మా మేనమామకు కామెర్లయితే మూడు ఆదివారాలు పసరు పోయించినం, తేట పడ్డది. ఆకు మందు చెడుపు చేయది. కీమోతోని పాటు పోయించుండ్రి. వైద్యుని నంబర్ కావాల్నంటే చెప్పు.

మైనంబిళ్ల:

సారూ, ముందుగాల ఆ పసరు సంగతి తెంపేద్దాం. వద్దు. కామెర్లు చాలామందికి వాటంతట అవే తగ్గుతయి, పేరు పసరుకు వస్తది. ఇప్పుడు మీ బాపుకు నాలుగైదు బలమైన మందులు ఒక్కసారే ఎక్కుతయి, వాటిని అరిగించాల్సింది కాలేయమే. రేపు కాలేయం దెబ్బను చూపే ఎస్జీపీటీ 400 అని వస్తే, వైరస్ లేచిందా, కీమో పడలేదా, పసరు పనా అని డాక్టర్ ఎట్ల తేల్చుకోవాలె?

నేను డాక్టర్‌ను గాదు. 31 ఏండ్లు పాథాలజీ ల్యాబుల పనిచేసి రిటైరయిన. గడ్డను కోసి, మైనంల పోసి, మైక్రోటోమ్ మీద మూడు మైక్రాన్ల పొర తీసుడు నా పని. దాని ముందట ఉల్లిపొర గొంగడి లెక్క.

మీరు లెక్కల సారు గనుక రిపోర్టును మెట్లు మెట్లుగ చెప్త. సీడీ10 అనే ప్రొటీన్ రంగు వంద కణాలల్ల ముప్పైకి పడ్డదా? పడితే జీసీబీ, అంటే జర్మినల్ సెంటర్ బీ-సెల్ తీరు, అక్కడికే ఆపు. పడకుంటే బీసీఎల్6 చూడు. అదీ లేకుంటే నాన్-జీసీబీ. ఉంటే మమ్1 చూడు. మమ్1 ఉంటే నాన్-జీసీబీ, లేకుంటే జీసీబీ. మీ బాపు రిపోర్టు మూడో మెట్టు దాకా పోయి నాన్-జీసీబీల పడ్డది. దీన్ని హాన్స్ పద్ధతి అంటరు, 2004ల వచ్చింది. స్లైడు మీద గోధుమ రంగు తేలితే ఆ ప్రొటీన్ ఉన్నట్టు, నీలంగనే మిగిలితే లేనట్టు.

ఇగ జీన్ ఎక్స్‌ప్రెషన్. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇరవై బోరు మోటర్లు ఉన్నయనుకో. కరెంటాఫీసు కాగితంల ఇరవై పేర్లూ ఉంటయి, అది డీఎన్ఏ. అండ్ల ఏది నడుస్తున్నది, ఎంత పోస్తున్నది కాలువ కాడికి పోయి చూస్తెనే తెలుస్తది. కణంల ఆర్ఎన్ఏను కొలుసుడంటే ఆ నీళ్లను కొలుసుడే. 2000ల అమెరికా పరిశోధకులు వేల జీన్లను ఒక్కసారే ఇట్ల కొలిచిన్రు. మైక్రోస్కోపు కింద ఒక్కతీరుగ కనవడే ఈ లింఫోమా నిజానికి రెండు తీర్లని నేచర్ పత్రికల చూపించిన్రు. ఒకటి జర్మినల్ సెంటర్ తీరు, రెండోది యాక్టివేటెడ్ బీ-సెల్ తీరు. రెండో దాంట్ల ఎన్ఎఫ్-కప్పా-బీ అనే మీట ఎప్పుడూ ఆన్‌లనే ఉంటది. 2018ల 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయుండ్రని ఊరూరా చెప్పిన్రు, యాది ఉన్నదా? గదే. రైతు పండుకున్నా మోటర్ నడుస్తనే ఉంటది.

మా రంగుల పద్ధతి ఆ కొలతకు పేదోని నకలు. చాలాసార్లు కలుస్తది, కొన్నిసార్లు కలవదు. నెట్‌ల వెతికితే ఆ 2000 నాటి పేపర్ల ఎంతమంది బతికిన్రనే అంకెలు మీ కంట్ల వడ్తయి, గుండె చెదరనియ్యకుండ్రి. ఆ రోగులకు రిటుక్సిమాబ్, అంటే ఆర్-చాప్‌ల ఉండే ఆర్, లేదు. మన హైదరాబాద్‌ల డాక్టర్ రెడ్డీస్ వాళ్లు 2007ల దానికి బయోసిమిలర్, అంటే దాని లెక్కనే పనిచేసే మందు, తెచ్చిన్రు. ఆ తర్వాతనే మా ల్యాబుకు సీడీ20 స్లైడ్లు కుప్పలుగ వచ్చుడు మొదలయింది, అంతకుముందు ఆ మందు పేరు చెప్తెనే ఇంటోళ్లు భూమి అమ్మాల్నా అని అడిగేది.

50 వేల టెస్టు డాక్టరమ్మ అడిగితే చేపియ్యుండ్రి, పిల్లగాడు అడిగితే గాదు. తీరు ఏదని తేలినా ఎక్కువమందికి మొదలుపెట్టేది ఆర్-చాపే. పైసలు పెట్టేదే ఉంటే ఫిష్ పరీక్ష అయిందా అని అడుగుండ్రి. ఎంవైసీ, బీసీఎల్2 అనే జీన్లు తమ జాగ విడిచి వేరే కాడికి దుంకినయా అని చూస్తది. రెండూ దుంకితే మందే మారవచ్చు. దానికి కొత్తగ కోసేది లేదు, ల్యాబుల ఉన్న మైనం బ్లాకు చాలు. బ్లాకు మీరే తీస్కపోతే జేబుల పెట్టుకోండ్రి, బైకు డిక్కీల మాత్రం వద్దు. మే నెలల ఒకాయన నర్సంపేట నుంచి డిక్కీల పెట్టుక వచ్చిండు, బ్లాకు వంకరపోయి మూతకు అతుక్కున్నది. మళ్ల మైనంల పోసుకొని బతికించుకున్న. అదన్న నయం. ఒక దవాఖాన గడ్డను ఫార్మలిన్‌ల వేయకుంట సెలైన్ సీసాల వేసి రెండు దినాలకు పంపింది, దాన్ని బతికించ ఎవ్వరితోని గాలే, ఆ తల్లికి మళ్ల కోసిన్రు.

అసలు మాట ఇప్పుడు. ఆ గోలి. కోర్ పాజిటివ్ అంటే వైరస్ ఎన్నడో వచ్చింది, ఒళ్లు దాన్ని అణిచింది. పూర్తిగ పోలే. కాలేయ కణం నడిమిట్ల తన డీఎన్ఏను ఉంగరం లెక్క చుట్టి దాసుకుంటది. నెత్తురుల వైరస్ దొరకది, అందుకే హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్. ఇన్నేండ్లు దాన్ని లేవకుంట కావలి కాసినోళ్లల్ల బీ కణాలు ఉన్నయి. రిటుక్సిమాబ్ సీడీ20 కనవడ్డ బీ కణాన్నల్ల చంపుతది, చెడ్డదేదో కావలిదేదో చూడది. చాప్‌ల ఉండే ప్రెడ్నిసొలోన్ వైరస్‌కు ఇంకింత ఎగదోస్తది. హాంకాంగ్ డాక్టర్లు 2009ల రాసిన్రు: అచ్చం మీ బాపు లెక్కనే ఉన్నోళ్లు, అంటే హెచ్‌బీఎస్ఏజీ నెగెటివ్, కోర్ పాజిటివ్, ఆర్-చాప్ తీసుకున్నోళ్లు 21 మంది. అండ్ల అయిదుగురికి వైరస్ లేచింది. రిటుక్సిమాబ్ లేని చాప్ తీసుకున్నోళ్లల్ల ఒక్కరికీ లేవలే. 2013ల అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు వివరాల కాగితంల నల్ల గీతల డబ్బా కట్టి హెచ్చరిక వేయించింది.

మీ డాక్టరమ్మ అడిగిన ఆ కోర్ టెస్టు 50 వేల టెస్టు ముందట చిల్లర పైసలు. సోమవారంకు ముందే గోలి కడుపుల పడాలె.

ఇంట్ల అమ్మకూ, మీకూ, పిల్లలకూ హెచ్‌బీఎస్ఏజీ చేపియ్యుండ్రి. బాపు నుంచి ఇప్పుడు అంటుతదని గాదు, ఆ గాజు సిరంజి మీ బాపు ఒక్కనికే పొడిచింది గాదుగదా. నెగెటివ్ అయితే టీకా వేయించుకోండ్రి. 1997ల హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ వాళ్లు దేశంల తయారుచేసినంకనే మనసొంటోళ్లకు అందిన టీకా అది.

పరకాల మాస్టర్:

సారూ, ఆటో స్టార్టర్ అనంగనే నాకు సమజయింది, మేము కూడ తీయలే అప్పుడు. ఫిష్ సంగతి డాక్టరమ్మకు ఫోన్ చేసి అడిగిన, బ్లాకు తెమ్మన్నది. రేపు కృష్ణా ఎక్స్‌ప్రెస్‌కు పోత, జేబులనే. కని బాపు గోలి దగ్గరికి వస్తలేడు. హాంకాంగ్ కథ చెప్తే "ఇరవై ఒక్కట్ల పదహారు మందికి ఏం గాలేదు గదా" అన్నడు. లెక్కల సారు తండ్రి.

కాజీపేట డౌన్‌లైన్:

మాస్టర్ గారూ, మీ నాయినకు ఇది చదివి వినిపించుండ్రి.

నేను రైల్వేల పనిచేసిన. నాకూ ఇదే లింఫోమా, గొంతుల వచ్చింది. నాకు హెచ్‌బీఎస్ఏజీనే పాజిటివ్. కీమో మొదలు కాకముందే ఎంటెకావిర్ ఇచ్చిన్రు, రోజూ వేసుకున్న. ఆరో సూది అయిననాడు ఇంట్ల బగారన్నం వండిన్రు. స్కాన్ మంచిగ వచ్చింది. ఇంకేందని నాలుగో నెలల గోలి బంద్ చేసిన. ఎవ్వరూ బంద్ చేయమనలే, నేనే చేసిన. డబ్బా ఒడిసింది, మళ్ల తేలే, గంతే.

రెండు నెలలకు అన్నం వాసన పడలే. చుట్టుపక్కలోళ్లు ఎండ దెబ్బ అన్నరు. మా కోడలు కండ్లు చూసి జడుసుకున్నది. కామెర్ల కొలత బిలిరుబిన్ 14. ఇరవై రెండు దినాలు వార్డుల ఉన్న. క్యాన్సర్‌కు గూడ అన్ని దినాలు పండలే. నా పక్క మంచం ఆయనది నా తీరు కథనే, ఆయన ఇంటికి పోలేదు.

డాక్టర్ నాకు చెప్పింది: రిటుక్సిమాబ్ ఆపినంక గూడ కనీసం 12 నెలలు, కొందరికి 18 నెలలు గోలి నడవాలె, ఆపినంక గూడ వైరల్ లోడు చూసుకుంట ఉండాలె. బీ కణాలు మళ్ల మొలిచే దాకా కావలి లేనట్టే. నాసొంటి హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ వాళ్లకు ఇంకా ఎక్కువ రోజులు. నేను ఇప్పటికీ వేసుకుంటున్న.

వేసుకునేది ఎట్లంటే, తిన్నంక రెండు గంటలు ఆగాలె, వేసుకున్నంక రెండు గంటలు తినొద్దు. నేను డ్యూటీ అలవాటుకు తెల్లారగట్ల నాలుగింటికి లేస్త, అప్పుడే వేసుకుంట. లామివుడిన్ అనే పాత గోలి ఇస్తమని ఎవరన్న అంటే ఎంటెకావిర్ గానీ టెనోఫోవిర్ గానీ ఎందుకు ఇయ్యరని అడుగుండ్రి. పైసల ఇబ్బంది ఉంటే, 2018ల కేంద్రం మొదలువెట్టిన హెపటైటిస్ కార్యక్రమం కింద సర్కారు దవాఖానలల్ల గోలీలు ఉచితంగ ఇస్తున్నరు, మీ జిల్లాల ఎక్కడ ఇస్తరో కనుక్కోండ్రి.

మీ నాయినకు చెప్పుండ్రి, ఆ అయిదుగురిల ఒకని సొంటోణ్ని నేను.

కేయూ క్రాస్‌రోడ్స్:

నేను బయోటెక్నాలజీలో పరిశోధన చేస్తున్నాను, లింఫోమా నా సబ్జెక్టుకు పక్క వీధి. మాస్టారి మొదటి ప్రశ్న అట్లనే మిగిలిపోయింది, అందుకే రాస్తున్న.

వైరస్‌కూ లింఫోమాకూ లంకె ఉందా అంటే ఉంది, కానీ హెపటైటిస్ బి వేరు, సి వేరు. సి విషయంలో నాకు తెలిసి అన్నిటికంటే గట్టి రుజువు 2002లో ఫ్రాన్స్ నుంచి వచ్చింది. ప్లీహంలో వచ్చే ఒక నెమ్మది లింఫోమా, దానితోపాటు హెపటైటిస్ సి ఉన్న తొమ్మిది మందికి కీమో ఇవ్వలేదు, వైరస్‌కు ఇంటర్ఫెరాన్ మాత్రమే ఇచ్చారు. వైరస్ పోయిన ఏడుగురిలో లింఫోమా కూడా మాయమైంది. వైరస్ లేని అదే లింఫోమా వాళ్లు ఆరుగురికి ఇస్తే ఏమీ కాలేదు. సి వైరస్ మీది ఈ2 ప్రొటీన్ బీ కణం మీదున్న సీడీ81కి అంటుకుంటుంది. ఏండ్ల తరబడి ఎవరో తలుపు తడుతూ ఉంటే ఆ కణం విభజన ఆపదు. ఆ విభజనల్లో ఎక్కడో ఒక దగ్గర తప్పు పడుతుంది.

బి విషయం ఇంత శుభ్రంగా లేదు. క్రానిక్ హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఈ జాతి లింఫోమాలు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా సుమారు రెండింతలని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. రెండింతలు అన్నా వైరస్ ఉన్నవాళ్లలో అత్యధికులకు లింఫోమా ఎన్నడూ రాదు. 2018లో చైనా బృందం ఒకటి బ్లడ్ పత్రికలో హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ రోగుల గడ్డల్లో జన్యువులను చదివింది. వాళ్లు వయసులో చిన్నవాళ్లు, జబ్బు ముదిరి వచ్చినవాళ్లు, గడ్డల్లో మ్యుటేషన్లు ఎక్కువ. జీన్ ఎక్స్‌ప్రెషన్‌లో కూడా ఒక ప్రత్యేక ముద్ర కనిపించింది: బీసీఎల్6, ఫాక్సో1 అదుపులో ఉండే జీన్లు వైరస్ లేనివాళ్లకన్నా వేరుగా నడుస్తున్నాయి. నాకు ఆ పేపర్ ఎందుకు ఇష్టమంటే, ల్యాబ్ రిపోర్టులో రెండు వేరే కాగితాల మీద ఉండే సంగతులు, నెత్తురు పరీక్షా గడ్డ పరీక్షా, అందులో ఒకే పటం మీదికి వచ్చాయి.

కానీ మాస్టారూ, వాళ్లందరూ హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్. మీ బాపుగారిది కోర్ మాత్రమే. ఆ ముద్రను తెచ్చి ఆయన గడ్డ మీద వేయలేం. కామెర్ల వల్లనే వచ్చిందని గానీ, రాలేదని గానీ ఒక్క మనిషి విషయంలో ఏ జీన్ టెస్టూ చెప్పదు. కాబట్టి 50 వేలు ఆ జవాబు కోసమైతే అసలే వద్దు.

మైనంబిళ్ల అంకుల్‌కు ఒక చిన్న దిద్దుబాటు. నాన్-జీసీబీ అన్నంత మాత్రాన యాక్టివేటెడ్ తీరే అని కాదు. ఏ తీరులోనూ పడనివి కొన్ని ఉంటాయి, రంగుల పద్ధతి వాటిని కూడా ఈ డబ్బాలోనే వేస్తుంది. ఆటో స్టార్టర్ ఉందో లేదో కాలువ దాకా పోతేనే తెలుస్తుంది.

మైనంబిళ్ల:

నిజమే బిడ్డా. "నాన్" అంటే కానిది అని గదా, ఏమయిందో చెప్పలేదు. ఏండ్లకేండ్లు ఆ మాట టైపు చేసిన్రు మా కాడ, ఒక్కనాడు గిట్ల ఆలోచించలే. మైనం బ్లాకుల ఆర్ఎన్ఏ తునకలు తునకలయి ఉంటది గదా, దాంట్లకెల్లి ఇప్పుడు మంచిగనే కొలుస్తున్నరా?

కేయూ క్రాస్‌రోడ్స్:

కొలుస్తున్నారు అంకుల్. 2014లో 20 జీన్ల పద్ధతి ఒకటి వచ్చింది, తునకలతోనే పని కానిస్తుంది. మీ సెలైన్ సీసా గడ్డను మాత్రం అది కూడా ఏం చేయలేదు.

పరకాల మాస్టర్:

బ్లాకు ఇచ్చి వచ్చిన. ఫిష్ రిపోర్టు శుక్రవారం అన్నరు. జీన్ టెస్టు డాక్టరమ్మ వద్దన్నది, ల్యాబు పిల్లగానికి గదే చెప్పిన.

రాత్రి కాజీపేట సారు రాసింది బాపుకు చదివి వినిపించిన. బిలిరుబిన్ 14 కాడ ఏమనలే. పక్క మంచం ఆయన సంగతి కాడ కండ్లు మూసుకున్నడు. మైనంబిళ్ల సారు చెప్పిన ఉంగరం ముచ్చట, కాలేయంల దాసుకునుడు, మళ్ల ఒకసారి చెప్పమన్నడు. చెప్పిన. కొంచెం సేపు ఆగి "తుంగ లెక్కనా?" అన్నడు. మా మిరప చేన్ల తుంగ ఉంటది. పైన గడ్డి పీకి శుభ్రం చేసినా కింద గడ్డలు భూమిలనే ఉంటయి, ఒక్క తడి పెడితే లేస్తది. "పైన గడ్డి లేదన్నది మొదటి కాగితం, కింద గడ్డ ఉన్నదన్నది రెండోది" అని ఆయనే నాకు చెప్పిండు.

పొద్దుగాల నాలుగున్నరకు దూలం సందుల చప్పుడయితే లేచిన. అమ్మ లైటు వెయ్యకుంటనే చెంబు అందిస్తున్నది. ఆరున్నర దాకా చాయ్ ఇయ్యనని ముందే చెప్పిందట, బాపు గొణుక్కుంట అరుగు మీద కూసున్నడు.

మా అందరి నెత్తురు రేపు ఇస్తున్నం. అమ్మకు ఏమొస్తదో అని గుబులుగ ఉన్నది. రిపోర్టులు వచ్చినంక ఇక్కడనే రాస్త.